పీణ్య చెరువు పనికి వచ్చే పిల్లలకు

బెంగళూరు పీణ్య పారిశ్రామికవాడలో క్రోమ్ ప్లేటింగ్ పనిచేసి రిటైరైనవాణ్ణి. అనంతపురం, చిత్తూరు వైపు నుంచి ఐటీఐ, డిప్లొమా చదివి ఇక్కడికి వచ్చిన పిల్లలు ఆదివారాలు చెరువు పనికి వస్తారు. "సార్, ఇది కడుపు నింపుతుందా?" అని అడుగుతారు. నింపుతుంది. ఎలాగో చెబుతాను.

1. ముందు రాజకాలువ, అంటే చెరువుకు వాననీళ్లు తెచ్చే పెద్ద కాలువ, వెంట నడవండి. శివపుర చెరువైనా, కరిహోబనహళ్లి చెరువైనా, దాని గతి నీళ్లు వచ్చే దారిలోనే తేలిపోతుంది. ఏ పైపు ఎక్కడ కలుస్తోంది, ఏ వేళకు నీటి రంగు మారుతోంది, ఫోటో తీసి తేదీ, సమయం రాసిపెట్టండి. కాలుష్య నియంత్రణ మండలికి ఫిర్యాదు ఇస్తే నిలబడేది ఆ కాగితమే. మొక్కలు తర్వాత నాటుకోవచ్చు.

2. మీకు వచ్చిన పనే చెరువుకు కావాలి. పీణ్య భూగర్భజలంలో హెక్సావేలెంట్ క్రోమియం చేరిందంటే, ప్లేటింగ్ తొట్ల నీళ్లు శుద్ధి కాకుండా బయటికి పోవడం వల్లే. శుద్ధి బ్రహ్మవిద్యేం కాదు. ఆ తొట్ల పసుపు రంగు నీళ్లలో ఆమ్లం కలిపి పీహెచ్ 2, 3 మధ్యకు దించాలి. సోడియం మెటాబైసల్ఫైట్ వేస్తే పసుపు విరిగి ఆకుపచ్చగా తిరుగుతుంది. అప్పుడు సున్నం వేసి పీహెచ్ పెంచితే క్రోమియం ఆకుపచ్చ మడ్డిగా అడుగున కూర్చుంటుంది. రాత్రి షిఫ్టులో కూడా ఓపిగ్గా ఇది చేసే ఆపరేటరు, ఏ చెరువు గట్టూ ఎక్కకుండానే చెరువును కాపాడుతున్నట్టు. ఈ పనికి జీతం ఉంది, మనుషులే దొరకడం లేదు.

3. ఆక్సిజన్ కొలత తెల్లవారకముందే తీయండి. చేపలు బతకాలంటే లీటరు నీటిలో కనీసం 4 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం. పాచి పట్టిన చెరువు మధ్యాహ్నం బాగానే చూపిస్తుంది. రాత్రంతా ఆ పాచే ఆక్సిజన్ తాగేస్తుంది.

4. జక్కూరు చెరువు చూసి రండి. శుద్ధి చేసిన మురుగునీరు జమ్ము పెరిగిన చిత్తడి గుండా వెళ్లి చెరువులో కలుస్తుంది.

5. జీతం సంగతి మొదటే తేల్చుకోండి. ఆదివారం సేవ వేరు, వారమంతా రమ్మంటే అది ఉద్యోగం. నియామక పత్రం అడగడానికి మొహమాటపడకండి. ఆనంద్ మల్లిగవాడ్ కథ విని ఉంటారు, ఆయన మెకానికల్ ఇంజనీరు. 2017లో తన కంపెనీ సీఎస్‌ఆర్ (సామాజిక బాధ్యత) డబ్బుతో క్యాలసనహళ్లి చెరువు బాగుచేయించి, తర్వాత ఉద్యోగం వదిలి చెరువులకే అంకితమయ్యారు. అందరికీ అలా కుదరదు. నీటి పరీక్షల ల్యాబులు, శుద్ధి ప్లాంట్లు, సర్వే పనులు, ఏట్రీ వంటి పర్యావరణ పరిశోధన సంస్థలు ఉన్నాయి, అక్కడ అడగండి.

6. ఫిబ్రవరి 2న చిత్తడి నేలల దినోత్సవానికి వస్తారు, సంతోషం. తొలకరికీ రండి. కాలువల్లో పేరుకున్న మురుగంతా ఒక్కసారిగా వచ్చి పడి, చేపలు చచ్చి తేలేది అప్పుడే.

7. టీటీ ఇంజెక్షన్ వేయించుకోనిదే, గమ్‌బూట్లు లేనిదే కాలువలో దిగకండి. ఎవరు దిగమన్నా సరే.