సైన్సు తరగతిలో సృష్టి పాఠమా?



ఒక ఆదివారం దివ్యబలిపూజ ముగిశాక, ఇంటర్ రెండవ సంవత్సరం బైపీసీ చదువుతున్న ఒక అమ్మాయి గురుగృహానికి వచ్చింది. చేతిలో మార్కులు వేసిన జవాబు పత్రం ఉంది. జంతుశాస్త్రంలో జీవపరిణామం గురించి అడిగిన ఎనిమిది మార్కుల ప్రశ్నకు ఒక్క ముక్క కూడా రాయలేదు. "జవాబు తెలియకనా అమ్మా?" అని అడిగాను. "తెలుసు ఫాదర్. అది రాస్తే దేవుడు సృష్టించలేదని ఒప్పుకున్నట్టేనని ఎవరో ఇచ్చిన చిన్న పుస్తకంలో చదివాను. అందుకే వదిలేశాను" అంది.

ఆ బిడ్డ భయభక్తులను చూసి సంతోషించాను. అయితే ఆ మార్కులు పోవడానికి కారణం ఆమె కాదు. గురువులం, ఉపదేశులం, తల్లిదండ్రులం నేర్పవలసినది నేర్పలేదు. అందుకే ఈ వారం ఈ పాఠం.

ఈ తగవు ఎక్కడిది?

ఇది ముఖ్యంగా అమెరికాలో పెరిగిన తగవు. 1925లో టెన్నెసీ రాష్ట్రంలోని డేటన్ అనే చిన్న పట్టణంలో, మానవుడు పరిణామక్రమంలో వచ్చాడని బోధించినందుకు జాన్ స్కోప్స్ అనే ఉపాధ్యాయునికి 100 డాలర్ల జరిమానా వేశారు. పై కోర్టు ఆ జరిమానాను సాంకేతిక కారణంతో కొట్టివేసింది గాని చట్టం మాత్రం 1967 వరకు నిలిచింది. 1968లో అమెరికా సుప్రీంకోర్టు ఇటువంటి నిషేధాలు చెల్లవని తీర్పు చెప్పింది.

అప్పుడు వాదన రూపు మార్చుకుంది. పరిణామాన్ని నిషేధించవద్దు, దానితోపాటు "సృష్టి విజ్ఞానం" అనే పాఠాన్ని కూడా సమానంగా చెప్పాలి అన్నారు. 1981లో అర్కాన్సాస్ రాష్ట్రం అలాగే చట్టం చేసింది. ఆ చట్టంపై కోర్టుకు వెళ్ళినవారెవరో తెలుసా? నాస్తికులు అనుకుంటాం. కాని వారిలో మెథడిస్టు పాదిరి ఒకరు ముందు నిలిచారు. ఆ రాష్ట్రపు కతోలిక పీఠాధిపతులు కూడా ఫిర్యాదుదారులలో ఉన్నారు! 1982 జనవరిలో ఆ చట్టాన్ని కోర్టు కొట్టివేసింది. 1987లో లూసియానా రాష్ట్రపు అటువంటి చట్టాన్నే సుప్రీంకోర్టు రద్దు చేసింది.

2004లో పెన్సిల్వేనియాలోని డోవర్ పట్టణంలో మరొక వివాదం వచ్చింది. డార్విను చెప్పినది "సిద్ధాంతం మాత్రమే" అని పిల్లలకు చదివి వినిపించాలని పాఠశాల పాలకమండలి ఆదేశించింది. సైన్సు ఉపాధ్యాయులు చదవం అన్నారు. తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. వారి పక్షాన సాక్ష్యమిచ్చినవారిలో కెనెత్ మిల్లర్ అనే కతోలిక జీవశాస్త్రవేత్త, జాన్ హాట్ అనే కతోలిక వేదాంత పండితుడు ఉన్నారు. కోర్టు తల్లిదండ్రుల పక్షాన తీర్పు చెప్పింది.

ఒక మాట గమనించండి. వాడుక భాషలో సిద్ధాంతమంటే ఎవరో అనుకున్న మాట. శాస్త్రంలో అలా కాదు. ఎన్నో పరిశీలనలను కలిపి వివరించి, పరీక్షలకు నిలిచినదే సిద్ధాంతం.

మన పత్తి చేలో పరిణామం

పత్తి రైతులకు ఈ విషయం అనుభవమే. 2002లో మన దేశంలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. మొదట్లో కాయతొలిచే పురుగుల బెడద తగ్గింది. కొన్నేళ్ళకు గులాబీ రంగు పురుగు మళ్ళీ చేలో కనబడింది. ఎందుకు? పురుగులన్నీ ఒక్క తీరుగా ఉండవు. ఆ విషాన్ని తట్టుకోగలిగిన ఏ కొన్నో బ్రతికి గుడ్లు పెట్టాయి. వాటి సంతతికీ ఆ గుణం వచ్చింది. తరతరానికీ అటువంటివే పెరిగాయి. దీనినే పాఠ్యపుస్తకాలు ప్రకృతి వరణం అంటాయి. ఇందులో దేవుణ్ణి కాదనే మాట ఎక్కడుంది?

పైగా ఆ అమ్మాయి చదివే జీవశాస్త్రంలోనే గ్రెగర్ మెండల్ పాఠం ఉంది. బఠానీ మొక్కలను పెంచి, గుణాలు తరం నుండి తరానికి ఎలా అందుతాయో 1866లో ప్రచురించిన మెండల్, అగుస్తీను సభకు చెందిన మఠవాసి, గురువు. పూజ చేసిన చేతులతోనే ఆయన మొక్కలను లెక్కపెట్టాడు.

తిరుసభ బోధ ఏమిటి?

ఆదికాండము మొదటి అధ్యాయంలో వెలుగు మొదటి రోజున, సూర్యుడు నాలుగవ రోజున కలుగుతారు. అక్కడ జంతువుల తరువాత నరుడు వస్తాడు. రెండవ అధ్యాయంలో నరుడు ముందు, జంతువులు తరువాత. ఈ రెండింటినీ పక్కపక్కనే ఉంచినవారికి ఈ తేడా కనబడలేదా? కనబడింది. వారు మనకు రోజుల పట్టిక ఇవ్వడానికి రాయలేదు. సమస్తాన్ని సృష్టించినవాడు ఒక్కడే దేవుడని, సృష్టి మంచిదని, నరుడు దేవుని పోలికలో ఉన్నాడని, పాపం నరుని అవిధేయతవల్ల వచ్చిందని బోధించడానికి రాశారు.

ఐదవ శతాబ్దం ఆరంభంలోనే పునీత అగుస్తీనువారు ఆదికాండముపై రాస్తూ క్రైస్తవులను హెచ్చరించారు: ప్రకృతి విషయాలలో తెలిసీ తెలియని మాటలు పవిత్ర గ్రంథం పేర చెబితే, వినేవారు ఆ గ్రంథాన్నే నవ్వులపాలు చేస్తారు.

1950లో పన్నెండవ పయస్ జగద్గురువులు 'హ్యుమాని జెనెరిస్' అనే విశ్వలేఖలో, మానవ దేహం అంతకుముందున్న జీవపదార్థం నుండి వచ్చిందా అనే విషయాన్ని పండితులు పరిశోధించడాన్ని తిరుసభ నిషేధించదన్నారు. ఆత్మను మాత్రం దేవుడే నేరుగా సృష్టిస్తాడని స్పష్టం చేశారు. 1996 అక్టోబరు 22న రెండవ జాన్ పాల్ జగద్గురువులు, పరిణామాన్ని ఇక వట్టి ఊహగా చూడలేమన్నారు. మనిషి ఆత్మ కేవలం పదార్థం నుండి పుట్టిందనే వాదం మాత్రం మానవ గౌరవానికి తగదన్నారు.

ఎలా? ఎందుకు?

కొత్త ధాన్యం ఇంటికి వస్తే దేవునికి కృతజ్ఞతలు చెబుతాం. గింజ ఎలా మొలకెత్తిందో వ్యవసాయాధికారి చెబితే, "అయితే దేవుడు ఇవ్వలేదా?" అని పోట్లాడం. వాన, మట్టి, రైతు చెమట అన్నీ నిజమైన కారణాలే. వాటన్నిటికీ ఉనికినిచ్చి నడిపే మూలకారణం దేవుడు. పునీత తోమాసు అక్వినాసువారు నేర్పిన తత్వం ఇదే. "ఎలా?" అన్నది సైన్సు ప్రశ్న. "ఎవరు, ఎందుకు?" అన్నది సత్యోపదేశ ప్రశ్న.

ఈ హద్దును రెండు వైపులా దాటవచ్చు. సైన్సు తరగతిలో ఆదికాండాన్ని జీవశాస్త్రంగా చెప్పడం ఒక పొరపాటు. "పరిణామం ఉంది గనుక దేవుడు లేడు" అని ఉపాధ్యాయుడు చెప్పడం మరొక పొరపాటు. అప్పుడాయన సైన్సు వదిలి, తన సొంత నమ్మకాన్ని బోధిస్తున్నాడు. పాఠాన్నే తీసివేయడమూ మేలు కాదు. 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదవ తరగతి సైన్సు పుస్తకం నుండి పరిణామ భాగాన్ని తొలగించినప్పుడు, 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, అధ్యాపకులు, ఇతరులు దానిని తిరిగి చేర్చాలని కోరారు.

తల్లిదండ్రులారా, ఈ ప్రశ్న మీ ఇంటికీ వస్తుంది. "నోరు మూసుకో, అది పాపం" అనకండి. అలా అంటే బిడ్డ ఏదో ఒకనాడు చదువునో విశ్వాసాన్నో వదులుకుంటుంది. ఈ వారం కుటుంబ ప్రార్థనలో ఆదికాండము మొదటి రెండు అధ్యాయాలు చదవండి. దేవుణ్ణి గురించి, మనల్ని గురించి అవి ఏమి చెబుతున్నాయో పిల్లలనే అడగండి. వారి సైన్సు పుస్తకం కూడా ఒకసారి తెరిచి చూడండి.

ఆ అమ్మాయితో చెప్పినదే మీకూ చెబుతున్నాను: "ఈసారి సిలువ గుర్తు వేసుకుని, ఎనిమిది మార్కులకూ పూర్తిగా రాయి తల్లీ. సత్యం ఎక్కడున్నా అది దేవునిదే."