ముందు చిగుళ్ళు చూడండి
ప్రశ్నలు - జవాబులు: మీ కుక్క ఆరోగ్యం

ప్రశ్న: మాది ధర్మపురి, ఇంట్లో తెలుగే. వత్తల్‌మలై మీద ఒక కాఫీ తోటలో మేస్త్రీగా ఉంటున్నాను. తోట కాపలాకు నాలుగేళ్ళ నాటు కుక్క ఉంది. అడవి పందిని కంచె దాటనిచ్చేది కాదు. పోయిన నెల ఉన్నట్టుండి తిండి మానేసింది, ఒళ్ళు కాలిపోయింది, మూత్రం ఎర్రగా పోసింది. కొండ దించి సూది వేయిస్తే రెండు రోజుల్లో లేచి తిరిగింది. మూడు వారాలకు మళ్ళీ అదే వరస. కామెర్లని కొందరు, పాము కాటని కొందరు, దిష్టి అని మా వంటామె. ఇంతకీ ఏమిటిది?

జవాబు: ముందు దాని పై పెదవి ఎత్తి చిగుళ్ళు చూడండి. గులాబీ రంగులో తడిగా ఉండాలి. నాటు కుక్కల్లో చాలావాటికి చిగుళ్ళు నల్లగా ఉంటాయి, వాటిలో ఏమీ తెలియదు. అప్పుడు కింది కనురెప్ప లాగి లోపలి పొర చూడండి. కాగితంలా తెల్లబడి ఉంటే ఒంట్లో రక్తం అడుగంటిందని అర్థం. అలా ఉంటే మిగతా జవాబు తీరిగ్గా చదువుకోవచ్చు, కుక్కను ఇవాళే కిందికి తీసుకెళ్ళండి.

మీరు చెప్పిన లక్షణాలకు బాగా సరిపడేది బబీసియా. పిడుదు కాటుతో ఒంట్లో చేరే పరాన్నజీవి ఇది. మీ కొండమీద ఉణ్ణి అంటారు కదా, అదే పిడుదు. ఈ జీవి ఎర్రకణంలో దూరి, అక్కడే ఒకటి రెండై, కణాన్ని పగలగొట్టుకుని బయటపడి పక్క కణంలోకి పోతుంది. పగిలిన కణాల్లోని రంగు మూత్రంలోకి దిగుతుంది. అందుకే మూత్రం కాఫీ డికాక్షన్‌లా వస్తుంది. కామెర్లన్నవాళ్ళ మాట పూర్తిగా తప్పు కాదు. కాలేయం తట్టుకోలేనంతగా ఆ రంగు పోగైతే కళ్ళు పచ్చబడతాయి. కానీ అది ఫలితం, కారణం కాదు. పాము కాటైతే చాలాసార్లు కరిచిన చోట వాపు ఉంటుంది, మూడు వారాల తర్వాత తిరగబెట్టదు. దిష్టి తీయించడం వల్ల కుక్కకు నష్టమేమీ లేదు, ఆ సందడిలో రక్త పరీక్ష ఆలస్యం కాకపోతే చాలు.

ఇది మన దిక్కుకు కొత్తది కాదు. 1910లో పాటన్ అనే శాస్త్రవేత్త మద్రాసు హంట్ అనే వేట క్లబ్బు కుక్కల రక్తంలో ఒక జీవిని చూశారు. ఆ తర్వాత నక్క రక్తంలోనూ అదే కనిపించింది. ఇవాళ ప్రపంచమంతా బబీసియా గిబ్సోనీ అని పిలుస్తున్న జీవి మొదట లోకానికి తెలిసింది అలా, మద్రాసు నుంచే. నక్కలు తిరిగే అడవి అంచున కాపలా కాసే కుక్కకు అది రావడంలో వింత లేదు.

సూది వేస్తే తగ్గింది, మళ్ళీ ఎందుకొచ్చిందన్నదే అసలు ప్రశ్న. కుక్కల్లో బబీసియా పెద్దది, చిన్నది అని రెండు రకాలు. పెద్ద రకం పశువులకు వాడే డైమినజీన్ సూదికి సాధారణంగా లొంగుతుంది. చిన్నది, అంటే గిబ్సోనీ, ఆ సూదికి తల దాచుకుంటుంది గానీ పోదు. జ్వరం దిగుతుంది, కుక్క లేస్తుంది, మనం సంబరపడతాం. బలం తగ్గిన రోజు అది మళ్ళీ పైకొస్తుంది. మీ కుక్కకు వేసిన సూది ఏదో చీటీ చూసి తెలుసుకోండి. డైమినజీనే అయితే, రెండోసారి అదే వేసేయమని అడగకండి. కుక్కల్లో ఆ మందు మోతాదు మీరితే మెదడు దెబ్బతింటుంది, కాళ్ళు తడబడతాయి, మూర్ఛలు వస్తాయి. చిన్న రకానికి అటోవాక్వోన్, అజిత్రోమైసిన్ కలిపి పది రోజులు ఇస్తారు. మొదటిది ఖరీదైన మందు, ముందే చెబుతున్నాను. అది కొనలేనివాళ్ళకు క్లిండామైసిన్‌తో మరో రెండు యాంటీబయాటిక్‌లు కలిపి ఎక్కువ రోజులు వాడే పద్ధతి ఉంది. మోతాదు కుక్క బరువును బట్టి డాక్టరే రాయాలి.

సూది పడకముందే రక్తం తీయించండి. చెవి అంచున చిన్నగా గుచ్చితే వచ్చే మొదటి చుక్కను గాజు పలక మీద పరిచి మైక్రోస్కోపులో చూస్తారు. కాలి నరం నుంచి తీసిన రక్తంలో కంటే ఆ చుక్కలో ఈ జీవులు దొరికే అవకాశం ఎక్కువ. దొరకనంత మాత్రాన లేవని కాదు. అనుమానం తీరకపోతే పీసీఆర్ పరీక్ష గురించి నామక్కల్ పశువైద్య కళాశాలలో అడగండి.

‘టిక్ ఫీవర్’ అని మనవాళ్ళు ఒకే మాటలో తేల్చేసేది నిజానికి ఒక జబ్బు కాదు. అదే పిడుదు ఎర్లీషియా అనే బ్యాక్టీరియానూ మోస్తుంది. దానిలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి, ముక్కు వెంట రక్తం కారుతుంది. దానికి డాక్సీసైక్లిన్ నాలుగు వారాలు వాడాలి, కుక్క గంతులేస్తోందని వారానికే ఆపకూడదు. మూడోది హెపటోజూన్. ఇది పిడుదు కాటుతో రాదు, ఒళ్ళు కొరుక్కుంటూ కుక్క పిడుదును మింగితే వస్తుంది. మూడూ ఒకే కుక్కలో ఉండటమూ మామూలే. పేరు ఒకటే కదా అని ఒకే మందు రాస్తే సగం కేసులు మీ కేసులాగే తిరిగొస్తాయి.

మందులన్నీ వాడాక కూడా కొన్ని కుక్కల రక్తంలో గిబ్సోనీ కొద్దిగా మిగిలిపోతుంది. అలాంటి కుక్క రక్తం మరో కుక్కకు ఎక్కించకూడదు. ఊరి కుక్కలతో కాట్లాటకూ వదలకండి, కరుచుకున్నప్పుడు ఆ గాయాల ద్వారా కూడా ఇది అంటుతుంది.

ప్రశ్న: వారానికి రెండుసార్లు పౌడరు వేసి స్నానం చేయిస్తున్నాను. పది రోజులకు మళ్ళీ చెవుల నిండా పిడుదులే. వెల్లుల్లి తినిపిస్తే దగ్గరికి రావని పక్కింటివాళ్ళు చెబుతున్నారు. నిజమేనా? - ఒక గృహిణి, క్రిష్ణగిరి

జవాబు: వెల్లుల్లి వద్దమ్మా. మనకు మంచిదే, కుక్కకు కాదు. ఉల్లి, వెల్లుల్లి కుక్క ఎర్రకణాలను పగలగొడతాయి. బబీసియా చేసే పనే మనం చేతులారా చేసినట్టవుతుంది.

పిడుదులు మళ్ళీ రావడానికి కారణం కుక్క కాదు, మీ గోడ. కుక్క మీద కనిపించేవి మొత్తంలో కొద్ది భాగమే. మిగతావి పగుళ్ళలో, గుమ్మం సందుల్లో, కుక్క పడుకునే గోనెపట్టా కింద ఉంటాయి. రక్తం తాగి శనగగింజంత ఉబ్బిన ఆడపిడుదు రాలిపడి, గోడెక్కి, పగులులో వేల గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. పిల్లలు తిండి లేకుండా నెలల తరబడి అక్కడే కాచుకుంటాయి. కాబట్టి పగుళ్ళు సిమెంటుతో పూడ్చండి, పట్టా తీసి కాల్చేయండి, గోడలకు మందు కొట్టించేటప్పుడు కుక్కను బయట కట్టేసి పూర్తిగా ఆరాకే లోపలికి రానివ్వండి. కుక్కకు ఇప్పుడు నెలకొకటో మూడు నెలలకొకటో మింగించే మాత్రలు వచ్చాయి. పౌడరు కంటే ఇవే నమ్మకం. మూర్ఛలు వచ్చే కుక్క అయితే ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పండి. ఇంట్లో పిల్లి ఉంటే పెర్మెత్రిన్ ఉన్న మందులేవీ తేవద్దు, పిల్లికి అది విషం.

చేతికి దొరికిన పిడుదును కిరోసిన్ పోసి, అగ్గిపుల్లతో కాల్చి ఊడగొట్టొద్దు. చర్మానికి ఆనించి పట్టకారుతో పట్టి నిదానంగా లాగండి. వేళ్ళ మధ్య చిదమొద్దు, స్పిరిట్ సీసాలో వేయండి. రోజూ చూడటం వృథా కాదు. బబీసియాను ఎక్కించడానికి పిడుదు సాధారణంగా రెండు రోజులైనా అతుక్కుని ఉండాలి. ఎర్లీషియాకు మాత్రం కొన్ని గంటలే చాలు.

ప్రశ్న: మా కుక్క ఈనిన ఆరు పిల్లల్లో నాలుగు మూడో వారంలో చచ్చిపోయాయి. తల్లి పాలు బాగానే తాగాయి. మలం నల్లగా, జిగటగా ఉండేది. పాలే పడలేదంటారా? - ఏర్కాడు

జవాబు: పాలు పడకపోవడం కాదు, పాలతో పాటే కొంకిపురుగు వచ్చింది. తల్లి కండరాల్లో నిద్రపోతున్న లార్వాలు ఈనగానే మేలుకుని పాలలోకి దిగుతాయి. పిల్ల పేగును కరుచుకుని రక్తం తాగుతాయి. ఒక్కో పురుగు రోజుకు తాగేది చుక్కో రెండు చుక్కలో. అలాంటివి వందుంటే, గుప్పెడంత కుక్కపిల్లలో ఎంత రక్తం మిగులుతుంది? నల్లటి మలం జీర్ణమైన రక్తమే.

మిగిలిన రెండింటికీ ఇవాళే మందు పట్టించండి. ఇకమీదట ఏ ఈతలోనైనా పిల్లలకు రెండో వారంలో మొదలుపెట్టి రెండు వారాలకోసారి పైరంటెల్ మందు పట్టించాలి, తల్లికి కూడా. కళ్ళు తెరవనీ, తిండి మొదలెట్టనీ అని ఆగితే మీకు జరిగినట్టే జరుగుతుంది.

కాఫీ తోటల నీడలో తడారని నేల ఈ లార్వాలకు స్వర్గం. చెప్పుల్లేని పాదాల్లోంచి మనిషి చర్మంలోకీ దూరుతాయి. పిల్లల కాళ్ళ మీద వంకరటింకర ఎర్రటి గీత రోజురోజుకూ ముందుకు పాకుతూ, విపరీతంగా దురద పెడుతుంటే అది తామర కాదు, చర్మ వైద్యుడికి చూపించండి. కుక్క మలం ఎప్పటికప్పుడు ఎత్తి పాతిపెట్టండి.

ప్రశ్న: వాగు నీళ్ళు తాగే మా కుక్కకు ఒక ముక్కు నుంచే రక్తం కారుతోంది. ఊరికే తుమ్ముతోంది. - వత్తల్‌మలై

జవాబు: జలగ కావచ్చు. పొగాకు నీళ్ళు, ఉప్పు ముక్కులో పోయకండి. కొన్ని గంటలు నీళ్ళు ఇవ్వకుండా ఉంచి, తర్వాత వెడల్పాటి గిన్నెలో చల్లటి నీళ్ళు ముక్కు ముందు పెట్టండి. తడి తగిలి జలగ తల బయటపెడితే పట్టకారుతో పట్టి మెల్లగా లాగొచ్చు. తడి చేయి జారుతుంది, గుడ్డతో పట్టుకోండి. రాకపోతే డాక్టరు మత్తిచ్చి తీస్తారు. రెండు ముక్కుల నుంచీ కారినా, పొట్ట మీద ఎర్రటి మచ్చలున్నా జలగను వెతకొద్దు, పైన చెప్పిన ఎర్లీషియాకు పరీక్ష చేయించండి.

ప్రశ్న: మా కోలీకి గజ్జి తగ్గడానికి గొర్రెలకు వేసే ఐవర్‌మెక్టిన్ సూదే నిన్న వేయించాం. ఇబ్బంది లేదు కదా? - హోసూరు

జవాబు: ఉంది. కోలీ జాతి కుక్కల్లో చాలావాటికి ఆ మందును మెదడులోకి పోకుండా ఆపే కాపలా పుట్టుకతోనే ఉండదు. నాటు కుక్కకు సరిపడే కొలత వీటి ప్రాణం తీయొచ్చు. తూలుతోందా, చొల్లు కారుస్తోందా, కంటిపాప పెద్దదై గోడకు గుద్దుకుంటోందా చూడండి. ఒక్కటి కనిపించినా రాత్రైనా సరే ఆసుపత్రికి తీసుకెళ్ళి, ఏ మందు ఎన్ని మిల్లీలీటర్లు వేశారో చెప్పండి. ఖాళీ సీసా వెంట తీసుకెళ్ళండి.