రెండేళ్ల జబ్బుకు రెండేళ్ల తోడు

తెలంగాణ ప్రాంతం నుంచి వచ్చి ముంబయి నగర నిర్మాణంలో చెమటోడ్చిన కామాఠీల పేరు కామాఠీపురకు నిలిచిపోయింది. బట్టల మిల్లుల కాలంలో వచ్చిన పద్మశాలీలు వర్లీ, పరేల్ పరిసరాల్లో స్థిరపడ్డారు. ముందు వచ్చినవారు వెనుక వచ్చినవారికి ఒక గది, ఒక పని చూపించడం ఇక్కడి తెలుగువారి ఆనవాయితీ. ఏ ఇంట్లోనైనా పసిబిడ్డకు పెద్ద జబ్బు చేసినప్పుడు ఆ ఆనవాయితీకి అసలైన పరీక్ష ఎదురవుతుంది. చిన్నపిల్లల రక్తక్యాన్సర్‌ను ఉదాహరణగా తీసుకుని, ఇరుగుపొరుగు చేయగలిగిన సాయాన్ని ఈ పాఠం వివరిస్తుంది.

జబ్బు నడిచే తీరు

పిల్లలకు వచ్చే క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించేది అక్యూట్ లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా. ఇది అంటువ్యాధి కాదు. తల్లిదండ్రుల తప్పు వల్ల వచ్చేదీ కాదు. చికిత్స పూర్తిగా అందితే చాలామంది పిల్లలు కోలుకుంటారు. అయితే ఆ చికిత్స రెండు నుంచి రెండున్నర సంవత్సరాలు సాగుతుంది.

మొదటి దశ నాలుగైదు వారాలు. అది ముగిసేసరికి సాధారణంగా రక్తపరీక్షలో జబ్బు కణాలు కనిపించవు. బిడ్డ ఆడుకుంటాడు, అన్నం తింటాడు. అసలు ప్రమాదం అప్పుడే పొంచి ఉంటుంది. "తగ్గింది కదా, ఇంకా మందులెందుకు, ఊరికి తీసుకుపోండి" అని ఆప్యాయంగా సలహా ఇచ్చేవారు ఎదురవుతారు. కంటికి కనబడని కణాలు శరీరంలో మిగిలే ఉంటాయి. మందు మధ్యలో మానితే జబ్బు తిరగబెట్టవచ్చు. అప్పుడు దానిని లొంగదీయడం మరింత కష్టం. వేములవాడ మొక్కు తీర్చుకోవడం తప్పు కాదు. కాని ప్రయాణపు తేదీని వైద్యులను అడిగి నిర్ణయించుకోవాలి.

రక్తదానం: వరుస ముఖ్యం

చికిత్స కాలంలో బిడ్డకు ప్లేట్‌లెట్లు పదేపదే అవసరం కావచ్చు. వాటిని ఐదు రోజులకు మించి నిల్వ చేయలేరు. అందువల్ల వార్త తెలిసిన రోజునే పదిమంది కలిసి రక్తమిచ్చి వస్తే, తరువాతి నెలలో పిలిచినప్పుడు వారిలో ఒక్కరూ ఇవ్వలేని స్థితి రావచ్చు. రక్తమిచ్చిన పురుషుడు మూడు నెలలు, స్త్రీ నాలుగు నెలలు ఆగవలసి ఉంటుంది. దాతల పేర్లు, రక్తవర్గాలు, ఫోను నంబర్లతో పట్టిక రాసుకుని, ఆసుపత్రి అడిగినప్పుడు వరుసగా వెళ్లడం మేలు. దాత వయస్సు 18 నుంచి 65 ఏళ్ల మధ్య, బరువు కనీసం 45 కిలోలు, హిమోగ్లోబిన్ 12.5 గ్రాములు ఉండాలి.

పరామర్శలో జాగ్రత్త

మందుల వల్ల బిడ్డలో రోగనిరోధక శక్తి తగ్గుతుంది. జలుబు, దగ్గు ఉన్నవారు గుమ్మం దాటి లోపలికి వెళ్లకూడదు. కోసి అమ్మే పండ్లు, బయటి రసాలు తీసుకుపోకూడదు. ఆ వాడలో ఎవరికైనా ఆటలమ్మ లేదా తట్టు సోకితే ఆ సంగతి దాచకుండా తల్లిదండ్రులకు వెంటనే చెప్పాలి. బిడ్డకు జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు చేరితే అర్ధరాత్రయినా ఆసుపత్రికి బయలుదేరాలి. ఇంట్లో జ్వరం మాత్ర వేసి తెల్లవారే దాకా చూడకూడదు. ఆ వేళకు తోడు వెళ్లేదెవరు, వాహనం ఎవరిది అన్నది ముందే నిర్ణయించి ఉంచాలి.

మాట సాయం

కొత్తగా వచ్చిన తల్లికి మరాఠీ, హిందీ రాకపోవచ్చు. ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగు యువతీయువకులు ఆమెకు గొంతు కాగలరు. వైద్యుడు చెప్పినదంతా, కష్టమైన మాటతో సహా, కలపకుండా తగ్గించకుండా తెలుగులో చెప్పాలి. మందు పేరు, మోతాదు, మళ్లీ రావలసిన తేదీ కాగితంపై రాసివ్వాలి. ఈ భారం ఇంట్లోని పెద్దపిల్లలపై మోపకూడదు.

ఖర్చులు, హక్కులు

చికిత్స ఉచితంగా దొరికినా అద్దె, ప్రయాణం, పోయిన కూలి కుటుంబాన్ని కుంగదీస్తాయి. ఆయుష్మాన్ భారత్ కార్డు ఉన్న కుటుంబానికి ఏడాదికి ఐదు లక్షల రూపాయల వరకు ఆసుపత్రి చికిత్స లభిస్తుంది. సొంత రాష్ట్రంలో పొందిన కార్డును ఇతర రాష్ట్రాల్లో ఆ పథకం కింద నమోదైన ఆసుపత్రుల్లోనూ వాడుకోవచ్చు. చికిత్స కోసం రైలులో వెళ్లే క్యాన్సర్ రోగికి స్లీపర్, థర్డ్ ఏసీ తరగతుల్లో పూర్తి రాయితీ, వెంట వెళ్లే ఒకరికి 75 శాతం రాయితీ ఉన్నాయి. ఇందుకు ఆసుపత్రి ధ్రువపత్రం కావాలి. దూరప్రాంతాల నుంచి వచ్చే పిల్లల కుటుంబాలకు సెయింట్ జూడ్ ఇండియా చైల్డ్‌కేర్ సెంటర్స్ 2006 నుంచి ఉచిత వసతి కల్పిస్తోంది. వివరాలకు ఆసుపత్రిలోని వైద్య సామాజిక కార్యకర్తను కలవాలి.

చందా వసూలు చేసేవారు ప్రతి రూపాయికీ లెక్క రాసి కుటుంబానికి చూపాలి. తల్లిదండ్రుల అనుమతి లేకుండా బిడ్డ ఫొటోను వాట్సాప్‌లో పంపకూడదు.

పంచుకోవలసిన పని

మొదటి వారం ఇల్లంతా జనం. ఆరో నెలలో తలుపు తట్టేవారుండరు. అందుచేత పని ఎంత చిన్నదైనా దానికి ఒక మనిషి, ఒక రోజు ఉండాలి. మంగళవారం అన్నం ఒకరిది, శుక్రవారం ఆసుపత్రి తోడు మరొకరిది, బిడ్డ తోబుట్టువును బడికి తీసుకుపోవడం వేరొకరిది. "ఏమైనా కావాలంటే చెప్పండి" అన్నప్పుడు, అడిగే భారం అలసిన తల్లి మీదే పడుతుంది. "రేపు సాయంత్రం నేను నీళ్లు పట్టి పెడతాను వదినా" అంటే ఆ భారం దిగుతుంది.

అందరు పిల్లలూ బతుకుతారన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. బిడ్డ దక్కని ఇంటికి కూడా ఆ పట్టికలోని మనుషులు వెళ్తూనే ఉండాలి.

చర్చకు ప్రశ్నలు

1. మీ వాడలో రాత్రివేళ ఆసుపత్రికి తోడు వెళ్లగలవారు ఎవరెవరు?
2. మరాఠీ, హిందీ, తెలుగు మూడూ బాగా వచ్చినవారు మీలో ఎందరు?
3. "తగ్గింది కదా" అనే పెద్దలకు మర్యాద తప్పకుండా ఏమని చెప్పాలి?