టైప్‌స్క్రిప్ట్‌లో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్: స్టార్టింగ్‌లోనే చెక్ చేయండి

టైప్‌స్క్రిప్ట్ ఉంది కదా, తప్పులన్నీ అదే పట్టేస్తుంది అనుకుంటాం. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ దగ్గర మాత్రం ఆ ధీమా పనికిరాదు. టైపులు కంపైల్ అయ్యేవరకే ఉంటాయి. డేటాబేస్ అడ్రస్, ఏపీఐ కీ లాంటివేమో యాప్ రన్ అయ్యేటప్పుడు బయటి నుంచి వస్తాయి.

నోడ్‌లో అలా వచ్చే ప్రతి విలువా స్ట్రింగే, లేదంటే అన్‌డిఫైన్డ్. పోర్ట్‌కి 3000 అని రాసినా అది నంబర్ కాదు. డీబగ్‌కి ‘ఫాల్స్’ అని ఇచ్చినా, అది ఖాళీ స్ట్రింగ్ కాదు కాబట్టి ఇఫ్ కండిషన్‌లో ట్రూ అయిపోతుంది! ఎర్రర్ పోవడానికి చాలామంది చివర్లో ఆశ్చర్యార్థకం గుర్తు పెట్టేస్తారు. దాంతో ఎర్రర్ కనిపించదు, అంతే. లేని విలువ వచ్చిపడదు.

నేను ఫాలో అయ్యే పద్ధతి ఇది:

1. వేరియబుల్స్ అన్నీ ఒకే ఫైల్‌లో చదివి, జాడ్ స్కీమాతో చెక్ చేస్తా. ఏది లేకపోయినా యాప్ అక్కడే ఆగిపోవాలి. మిగతా కోడ్ అంతా ఆ ఫైల్ నుంచే విలువలు తీసుకుంటుంది.

2. బూలియన్‌కి జాడ్‌లోని కోయర్స్ వాడను. అదీ ‘ఫాల్స్’ స్ట్రింగ్‌ని ట్రూగానే మారుస్తుంది. ‘ట్రూ’, ‘ఫాల్స్’ రెండింటినే ఒప్పుకునే ఈనమ్ పెట్టి, తర్వాత మారుస్తా.

3. వీట్‌లో ‘వీట్ అండర్‌స్కోర్’తో మొదలయ్యే వేరియబుల్స్‌ని వాడితే, వాటి విలువలు బ్రౌజర్‌కి వెళ్లిపోతాయి. సీక్రెట్ కీకి అలాంటి పేరు పెట్టొద్దు.

4. డాట్ ఎన్వ్ ఫైల్ గిట్‌ఇగ్నోర్‌లో ఉండాల్సిందే. ఒక్కసారి పుష్ అయిందా, డిలీట్ చేసినా హిస్టరీలో ఉంటుంది. వెంటనే ఆ కీ రద్దు చేసి కొత్తది తీసుకోవాలి.

ఇప్పుడే ఒక వేరియబుల్ తీసేసి మీ యాప్ రన్ చేయండి. స్టార్టింగ్‌లోనే ఆగిందంటే సేఫ్. ఆగలేదంటే, యూజర్ పేమెంట్ బటన్ నొక్కాక ఆగుతుంది.