చేతి పనికి వెల కట్టుకుందాం



మనలో చాలామందికి ఏదో ఒక చేతి పని వచ్చు. ఒకరు లేసు అల్లుతారు. ఒకరు పాత చీరలతో బొంత కుడతారు. ఒకరు అట్ట ముక్కలతో, వెదురు పుల్లలతో బొమ్మలు చేస్తారు. ఇంటి పని అయిపోయాక, పిల్లలు పడుకున్నాక ఈ పని పట్టుకుంటారు. చేయమని ఎవరూ చెప్పరు. చేస్తుంటే మనసుకు హాయిగా ఉంటుంది. అందుకే చేస్తారు.

అట్లా సరదాకు చేసిన వస్తువును అమ్మవచ్చా? అమ్మితే ఎంతకు అమ్మాలి? ఈ పాఠంలో ఈ రెండు ప్రశ్నల గురించి చదువుదాం.

అల్వాల్ అక్క ఎడ్లబండి

అల్వాల్‌లో ఒక అక్క ఉంది. ఆమె పుట్టిల్లు మెదక్ వైపు ఒక పల్లె. పగలు రెండు ఇళ్ళల్లో వంట చేస్తుంది. సాయంత్రం మా కేంద్రానికి వచ్చి చదువుకుంటుంది.

ఆ అక్క చిన్నప్పుడు వాళ్ళ నాయనకు ఎడ్లబండి ఉండేది. ఇప్పుడు నాయన లేడు. బండీ లేదు. ఒక రోజు అక్క అట్ట ముక్కలు, వెదురు పుల్లలు ముందు వేసుకుని కూర్చుంది. గుర్తు తెచ్చుకుంటూ జానెడు బండి చేసింది. చక్రాలకు ఆకులు పెట్టింది. ఇరుసు పెట్టింది. కాడి కట్టింది. చక్రాలు నిజంగానే తిరుగుతాయి! దాన్ని గూట్లో పెట్టుకుంది.

ఒక రోజు పక్కింటికి వాళ్ళ చుట్టం వచ్చాడు. ఆయనకు సికింద్రాబాద్‌లో బొమ్మల దుకాణం ఉంది. బండిని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"అక్కా, ఇట్లాంటివి పది చేసియ్యి. ఒక్కో దానికి నూరు రూపాయలిస్తా. ఎట్లాగూ ఖాళీ టైంల చేసేదే కదా!" అన్నాడు.

అక్క కొడుక్కు బడి ఫీజు కట్టే రోజులు దగ్గర పడ్డాయి. పది బండ్లంటే వెయ్యి రూపాయలు.

"మంచిదే కదా! నువ్వు ఊకెనే చేస్తున్నవ్. పైసలొస్తే వద్దంటరా?" అన్నాడు భర్త.

"సరదాకు చేసింది అమ్ముకునుడేందే? నలుగురు ఏమనుకుంటరు?" అంది అత్త.

అక్కకు ఏం చేయాలో తోచలేదు. బండిని సంచిలో పెట్టుకుని కేంద్రానికి వచ్చింది. "టీచరమ్మా, నువ్వే చెప్పు" అంది.

"నేను చెప్పడం ఎందుకక్కా? నీకు ఇప్పుడు రాయడం వచ్చు, లెక్క వచ్చు. కాగితం మీద పెట్టి చూద్దాం" అన్నాను.

అక్క రాసిన లెక్క

అక్క నోటుబుక్కు తెరిచింది. ఒక బండికి అయిన ఖర్చు రాసింది.

అట్ట, వెదురు – 25 రూపాయలు
రంగులు, కాగితం – 20 రూపాయలు
జిగురు, దారం – 15 రూపాయలు
మొత్తం – 60 రూపాయలు

"పని ఎన్ని గంటలు పట్టిందక్కా?" అని అడిగాను.

అక్క వేళ్ళ మీద లెక్క పెట్టుకుంది. "రోజుకు రెండు గంటలు. మూడు రోజులు. అంటే 6 గంటలు."

దుకాణం ఆయన ఇస్తానన్నది 100 రూపాయలు. అందులో సామాను ఖర్చు 60 రూపాయలు పోతే మిగిలేది 40 రూపాయలు. 6 గంటల పనికి 40 రూపాయలు. అంటే గంటకు 7 రూపాయలు కూడా లేదు!

అక్క కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది, "వంటకు పోతే గంటకు 50 రూపాయలు పడుతుంది. ఇది అంతకన్నా కష్టం పని. కండ్లు గుంజుతయి."

"అయితే గంటకు 50 లెక్కనే వేసి చూడు" అన్నాను.

అక్క వేసింది. 6 గంటలకు 300 రూపాయలు. సామానుకు 60 రూపాయలు. మొత్తం 360 రూపాయలు. అదీ ఆ బండికి తగిన వెల.

తర్వాత ఏమైంది?

అక్క దుకాణం ఆయనకు కబురు చేసింది. "బండి 360 రూపాయలు" అని చెప్పింది. ఆయన నవ్వాడు. "అట్టముక్కల బండికి అంతనా!" అన్నాడు. మళ్ళీ రాలేదు.

అక్కకు దిగులు పట్టుకుంది. "వచ్చిన బేరం పోగొట్టుకుంటినా?" అని రెండు మూడు రోజులు బాధపడింది. భర్త కూడా ముభావంగా ఉన్నాడు.

అక్క వంట చేసే ఇంట్లో ఒక పెద్దాయన ఉన్నాడు. పల్లె విడిచి వచ్చి చాలా ఏండ్లయింది. ఆయన బండిని చూశాడు. చక్రం తిప్పి చూశాడు. "ఇది నాకిస్తవా బిడ్డా? ఎంతయినా సరే" అన్నాడు.

"ఇది మా నాయన బండి పెద్దయ్యా. ఇది అమ్మను. మీకు ఇంకోటి చేసిస్త. 360 రూపాయలు అవుతది" అంది అక్క. ఆయన ఒప్పుకున్నాడు. ఆయన ఇంట్లో చూసి ఇంకో ఇద్దరు అడిగారు. రెండు నెలల్లో అక్క మూడు బండ్లు అమ్మింది.

"మూడే కదా?" అని మీరు అనవచ్చు. లెక్క చూడండి.

దుకాణానికి పది బండ్లు చేసి ఉంటే: 60 గంటల పని. సామాను ఖర్చు పోగా మిగిలేది 400 రూపాయలు.

మూడు బండ్లు తన వెలకు అమ్మితే: 18 గంటల పని. సామాను ఖర్చు పోగా మిగిలింది 900 రూపాయలు.

ఈ లెక్క చూశాక భర్త ముభావం పోయింది. కొడుకు ఫీజులో కొంత ఆ డబ్బుతోనే కట్టారు. నాయన బండి మాత్రం గూట్లోనే ఉంది.

'ఖాళీ టైం' అనే మాట

దుకాణం ఆయన ఒక మాట అన్నాడు, గుర్తుందా? "ఖాళీ టైంల చేసేదే కదా!" ఈ మాట మన అక్క ఒక్కతే వినలేదు. చాలామంది ఆడవాళ్ళు విన్నారు.

పశ్చిమ గోదావరి జిల్లాలో నరసాపురం ఉంది. ఆ చుట్టుపక్కల ఊళ్ళల్లో ఆడవాళ్ళు లేసు అల్లుతారు. నూరేళ్ళకు పైగా ఈ పని సాగుతోంది. మొదట క్రైస్తవ మిషనరీలు నేర్పారు. కొందరు పూలు అల్లుతారు. కొందరు ఆ పూలను కలిపి అతుకు పని చేస్తారు. ఆ లేసు ఓడలెక్కి పరదేశాలకు పోయింది.

మరియా మీస్ అనే జర్మనీ దేశపు పరిశోధకురాలు నరసాపురం వచ్చి ఈ పనిని దగ్గరగా చూశారు. 1982లో దాని మీద ఇంగ్లీషులో పుస్తకం అచ్చయింది. ఆ ఆడవాళ్ళు రోజూ చాలా గంటలు లేసు అల్లుతున్నారు. కానీ వచ్చేది పొలం కూలి కంటే తక్కువ. లాభం వ్యాపారులకు పోతోంది. ఎందుకు? "వీళ్ళు ఇంట్లో ఉండే ఆడవాళ్ళు, తీరిక వేళలో చేసుకుంటున్నారు" అని అందరూ అనుకున్నారు. వాళ్ళను పని మనుషుల లెక్కలో రాయలేదు. గృహిణులు అని రాశారు. పని లెక్కలో లేకపోతే కూలి కూడా లెక్కలో ఉండదు.

2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంటే ఆ పేరుతో అమ్మే హక్కు ఆ ప్రాంతం లేసుకే ఉంటుంది. ఇది మంచి మాట. కానీ గుర్తింపు వస్తువుకు వస్తే చాలదు. అల్లిన చేతికి కూలి కూడా రావాలి.

పరదేశాల్లో ఇంకో సరదా ఉంది. విమానం, ఓడ, రైలు లాంటి వాటి చిన్న చిన్న ముక్కలు పెట్టెలో పెట్టి అమ్ముతారు. కొన్నవాళ్ళు ఇంట్లో కూర్చుని ఆ ముక్కలు అతికిస్తారు, రంగు వేస్తారు. ఒక్కో బొమ్మకు వారాలు పడుతుంది. వాళ్ళకూ ఇదే ప్రశ్న. చేసిన బొమ్మ అమ్మాలా? అమ్మితే పెట్టె ధర రావచ్చు. కానీ పట్టిన గంటలకు కూలి గిట్టడం కష్టం. చూశారా! దేశం ఏదైనా సరదా పనికి వెల కట్టడం కష్టమే.

తక్కువకు అమ్మితే ఎవరికి నష్టం?

"నాకు డబ్బు అవసరం లేదు. ఎంతిచ్చినా చాలు" అని కొందరు అంటారు. అది మంచితనం లాగా కనిపిస్తుంది. కానీ అక్కడ ఒక చిక్కు ఉంది.

బోనాలప్పుడు మన దగ్గర అమ్మవారికి తొట్టెల సమర్పిస్తాం. వెదురు పుల్లలు, రంగు కాగితాలతో తొట్టెలలు చేస్తారు. అవి చేసి అమ్ముకునే కుటుంబాలు ఉన్నాయి. ఆ నెల సంపాదనతో వాళ్ళకు చాలా అవసరాలు తీరాలి. మనం సరదాకు తొట్టెలలు చేసి, సామాను ధరకే బజారులో అమ్మితే ఏమవుతుంది? కొనేవాళ్ళు మన దగ్గరికి వస్తారు. వాళ్ళ సరుకు మిగిలిపోతుంది.

విజయవాడ దగ్గర కొండపల్లి బొమ్మలు చూడండి. తెల్ల పొణికి కర్రతో చేస్తారు. కాళ్ళు, చేతులు, తల విడివిడిగా చెక్కుతారు. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికిస్తారు. తర్వాత రంగు వేస్తారు. మన దగ్గర నిర్మల్‌లో కూడా పొణికి కర్రతో బొమ్మలు చేస్తారు. ఆ కుటుంబాలకు బొమ్మే బువ్వ పెడుతుంది.

అందుకే సరదాకు చేసినా, అమ్మేటప్పుడు తగిన వెలకే అమ్మాలి. మన వెల మనకు గిట్టాలి. పక్కవాళ్ళ పొట్ట కొట్టకూడదు.

ఊరికే ఇవ్వాలనిపిస్తే? ఇవ్వండి. తొట్టెల చేసి మన ఇంటి బోనానికి పెట్టుకోండి. బొమ్మ చేసి చెల్లెలి బిడ్డకు ఇవ్వండి. అది కానుక. కానుకకు వెల లేదు. కానీ సగం కానుక, సగం బేరం మాత్రం వద్దు. అందులో ఇచ్చిన తృప్తీ ఉండదు, అమ్మిన లాభమూ ఉండదు.

సరదా చచ్చిపోకుండా

ఇంకో మాట. అల్వాల్ అక్కను నాలుగో బండికి ఒకరు తొందర పెట్టారు. "రేపటికల్లా కావాలి" అన్నారు. అక్క రాత్రి పొద్దుపోయేదాకా కూర్చుంది. కండ్లు మండాయి. పొద్దున వంటకు పోతే చేతులు ఆడలేదు. "ఇదివరకు బండి చేస్తే నాయన గుర్తుకొచ్చేటోడు. నిన్న గడియారమే గుర్తుకొచ్చింది" అంది. మర్నాడు వాళ్ళకు చెప్పేసింది: "వారం టైమిస్తే చేస్త. లేకుంటే వద్దు."

అత్త అన్న మాట సరైనది కాదు. చేతి పని అమ్ముకోవడం తప్పు కాదు, సిగ్గు కాదు. దుకాణం ఆయన అన్న మాటా సరైనది కాదు. మన తీరిక ఊరికే రాలేదు. పొద్దంతా పని చేసి సంపాదించుకున్న తీరిక అది. దాన్ని అమ్మితే వెల కట్టి అమ్ముదాం. అమ్మకుండా దాచుకుంటే అదీ మన ఇష్టమే.

గుర్తు పెట్టుకుందాం

1. అమ్మే ముందు సామాను ఖర్చు రాయాలి.
2. పని చేసిన గంటలు రాయాలి. గంటకు కూలి వేయాలి.
3. రెండూ కలిపితే వచ్చేది మన వెల. అంతకు తగ్గవద్దు.
4. బయానా తీసుకున్నాకే పని మొదలు పెట్టాలి. ఎంత తీసుకున్నామో, ఎప్పటికి ఇస్తామో రాసి పెట్టుకోవాలి.
5. ఒక్కరికి బేరం కుదరకపోతే మహిళా సంఘంలో మాట్లాడాలి. పదిమంది ఒకే వెల చెబితే కొనేవాళ్ళు వింటారు.
6. మనసుకు దగ్గరైన వస్తువును అమ్మనవసరం లేదు.

లెక్క చేయండి

ఒక చెల్లె పాత చీరలతో బొంత కుట్టింది. దారం, సూదులకు 40 రూపాయలు అయ్యింది. 12 గంటలు పట్టింది. గంటకు 50 రూపాయల కూలి. బొంత వెల ఎంత? ఒకరు 250 రూపాయలకు అడిగారు. ఇస్తే గంటకు ఎంత పడుతుంది?

మాట్లాడుకోండి

1. మీకు వచ్చిన చేతి పని ఏది? దాన్ని ఎవరైనా "ఖాళీ టైం పని" అన్నారా? మీకు ఏమనిపించింది?
2. అక్క నాయన బండిని ఎందుకు అమ్మలేదు? మీరైతే ఏం చేసేవారు?

రాయండి

మీరు చేసిన ఒక వస్తువు పేరు రాయండి. దాని సామాను ఖర్చు, గంటలు, వెల రాయండి. రేపు కేంద్రంలో అందరికీ చదివి వినిపించండి.