తుఫాను రాకముందే ఇల్లు సర్దుకుందాం



మన కోస్తా తీరానికి తుఫాను కొత్త చుట్టం కాదు. ఏప్రిల్, మే నెలల్లో ఒకసారి, అక్టోబరు నుండి డిసెంబరు దాకా మరోసారి బంగాళాఖాతం వంక భయంగా చూడటం మనకు అలవాటే. ఆ అలవాటే ఒక్కోసారి ప్రాణం మీదికి తెస్తుంది. 'ఇలాంటివి ఎన్ని చూడలేదు!' అనుకుని ఇంట్లోనే ఉండిపోతాం.

మొదటి ప్రశ్న

తుఫానుతో మూడు ఆపదలు వస్తాయి: గాలి, వాన, ఉప్పెన. గట్టి స్లాబు ఇల్లు గాలికి నిలవవచ్చు. మెరక మీది ఇల్లు వాననీటిని తప్పించుకోవచ్చు. ఉప్పెనకు నిలిచే ఇల్లు అరుదు. 1977 నవంబరు 19న దివిసీమలో సుమారు 10 వేలమంది చనిపోవడానికి ముఖ్య కారణం ఉప్పెనే. కనుక మన ఇల్లు ఎంత గట్టిదో చూసేముందు, అది ఎక్కడ ఉందో చూడాలి. సముద్రానికి, ఉప్పుటేరుకు దగ్గరగా, పల్లంలో ఉంటే సకాలంలో ఇల్లు వదలడమే సిసలైన ఏర్పాటు. పూరిల్లు, రేకుల ఇల్లు ఉన్నవారికీ ఇదే మాట.

48 గంటల ముందు

వాతావరణ శాఖ తుఫాను అప్రమత్తత ప్రకటన సుమారు 48 గంటల ముందు, హెచ్చరిక 24 గంటల ముందు ఇస్తుంది. మొదటి ప్రకటన వినగానే పని మొదలుపెట్టాలి.

* తాగడానికి, వంటకు మనిషికి రోజుకు 4 లీటర్ల చొప్పున మూడు రోజుల నీళ్లు పట్టుకోవాలి. ఐదుగురున్న ఇంటికి 60 లీటర్లు.
* అటుకులు, బెల్లం, వేరుశనగపప్పు, బిస్కెట్లు, పసిపిల్లలకు పాలపొడి ఉంచుకోవాలి.
* బీపీ, షుగరు మందులు కనీసం వారానికి సరిపడా తెచ్చుకోవాలి. ఓఆర్‌ఎస్ పొట్లాలు మరువవద్దు.
* ఆధార్, రేషన్ కార్డు, పాసుపుస్తకాలు, పిల్లల సర్టిఫికెట్లు రెండు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి ఒకే సంచిలో పెట్టాలి.
* టార్చిలైటు, బ్యాటరీ రేడియో, చార్జింగ్ పెట్టిన ఫోన్లు, కొంత చిల్లర డబ్బు సిద్ధంగా ఉండాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నాన్ని తాకినప్పుడు కరెంటు, ఫోన్లు పోయి జనం రోజుల తరబడి ఇబ్బంది పడ్డారు.
* నెలలు నిండిన గర్భిణులను ముందే ఆసుపత్రికి దగ్గరగా చేర్చాలి.

24 గంటల ముందు

ఎండిన కొమ్మలు కొట్టించాలి. మేడ మీది రేకుముక్కలు, కుండీలు లోపల పెట్టాలి. గాలికి ఎగిరిన రేకు కత్తిలా తెగుతుంది. పశువుల, మేకల పలుపులు విప్పి మెరకకు తోలాలి. ఖాళీ చేయమని అధికారులు చెబితే పగటిపూటే బయలుదేరాలి. వెళ్లేముందు మెయిన్ స్విచ్ ఆపి, గ్యాస్ సిలిండరు కట్టేయాలి.

గాలి హఠాత్తుగా ఆగితే

హోరుగాలి ఒక్కసారిగా ఆగిపోతే తుఫాను వెళ్లిపోయిందనుకోవద్దు. తుఫాను కన్ను మన మీదుగా పోతూ ఉండవచ్చు. కొద్దిసేపటికి గాలి ఎదురు దిక్కునుండి మళ్లీ విరుచుకుపడుతుంది. ఇంటి కప్పు చూద్దామని, పడిన కాయలు ఏరుకుందామని బయటికి వెళ్లినవారు ఆ గాలికి చిక్కుకుంటారు. అధికారిక ప్రకటన వచ్చేదాకా లోపలే ఉండాలి.

తరువాత

తెగిపడిన కరెంటు తీగను తాకవద్దు. నీళ్లలో ఉన్నది మరీ ప్రమాదం. నీళ్లు కాచి తాగాలి. చీకటి మూలల్లో, సామాను కింద పాములు చేరి ఉంటాయి, కర్రతో కదిపి చూడాలి. జెనరేటరును ఇంటి లోపల పెట్టవద్దు. దాని పొగ ప్రాణం తీస్తుంది. సహాయానికి 112, అంబులెన్సుకు 108.

మన వీధి బాధ్యత

ప్రతి వీధిలోనూ ఒంటరి ముసలమ్మ, నడవలేని మనిషి, భర్త ఊళ్లో లేని బాలింత ఉంటారు. హెచ్చరిక వారికి చేరినా, వెళ్లే దారి ఉండదు. ఎవరిని ఎవరు తీసుకెళ్లాలో పేర్లు ఇప్పుడే రాసుకుందాం. మసీదు మైకులో హెచ్చరిక చదివించే పని ఒకరికి, ఆటో పిలిచే పని మరొకరికి అప్పగిద్దాం. తుఫాను తరువాత దుప్పట్లు, బియ్యం పంచడం పుణ్యకార్యమే. ముందురోజు సాయంత్రం ఆ ముసలమ్మ తలుపు తట్టి చెయ్యి పట్టుకుని తీసుకెళ్తే, ఆ దుప్పటి కప్పుకోవడానికి ఆమె మిగిలి ఉంటుంది.