టికెట్ కన్నా ముందు డాక్టర్

ప్రశ్న: మేము ఇంగ్లండ్‌లోని స్లౌలో ఉంటాం. మా ఆయన రెండేళ్లుగా రోజూ తాగుతున్నారు. పొద్దున్నే కాఫీ కప్పు రెండు చేతులతో పట్టుకుంటే గానీ నిలవదు. ఇప్పుడు మానేస్తానంటున్నారు. మా బావగారేమో ‘పెళ్లిచూపులని చెప్పి హైదరాబాద్ తీసుకొచ్చెయ్, సెంటర్‌లో పడేద్దాం’ అంటారు. నెట్‌లో దొరికిన నంబరుకు ఫోన్ చేస్తే స్కాట్లాండ్‌లో ఒక సెంటర్ ఉందని, ఈ రాత్రికే అడ్వాన్స్ కట్టమని అన్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అడ్వాన్స్ కట్టకండి. మందు కూడా మీ అంతట మీరు ఒక్కసారిగా మాన్పించకండి. పొద్దున చేతులు వణుకుతున్నాయంటే ఒంటికి అది అలవాటైపోయిందన్నమాట. ఉన్నట్టుండి ఆపేస్తే ఒకట్రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, మతి తప్పవచ్చు, ప్రాణం మీదికే రావచ్చు. అది విమానంలో జరిగితే? అందుకే ముందు మీ జీపీని, అంటే మీ ఫ్యామిలీ డాక్టర్‌ని, కలవండి. లేదంటే మీ కౌన్సిల్ పరిధిలోని డ్రగ్ అండ్ ఆల్కహాల్ సర్వీస్‌కు ఆయనే నేరుగా ఫోన్ చేయవచ్చు. డబ్బు కట్టక్కర్లేదు. ఆఫీసుకు తెలిసిపోతుందన్న భయం వద్దు, డాక్టర్ వెళ్లి మేనేజర్‌కు చెప్పడు. చాలామందికి ఇంటి దగ్గరే మాత్రలతో మెల్లగా మాన్పిస్తారు. సెంటర్‌లో ఉండటం అవసరమైతే కౌన్సిల్ ఖర్చు భరించే దారీ ఉంది. అయితే అర్హత చూస్తారు, వరుసలో నిలబడాలి, విసుగొస్తుంది.

ఇక ఆ ఫోన్ మనిషి. ‘మీరు సెంటర్ వాళ్లా, మధ్యవర్తులా? మా ఆయన్ని పంపితే మీకు కమిషన్ ఉందా?’ అని సూటిగా అడగండి. ఇక్కడ అలాంటి వ్యాపారం ఉంది. నీళ్లు నమిలితే ఫోన్ పెట్టేయండి. ఇంగ్లండ్‌లోని సెంటర్ అయితే, ఇలాంటివాటిని తనిఖీ చేసే కేర్ క్వాలిటీ కమిషన్ సైట్‌లో పేరు వెతకండి. ‘గుడ్’ అన్న ముద్ర ఒక్కటీ చూసి ఊరుకోకూడదు. రిపోర్టు తెరిచి, రాత్రిపూట నర్సు ఉంటుందా, మందులు ఎవరు ఇస్తారు, ఫిట్స్ వస్తే ఏం చేస్తారు అన్నవి చదవండి. సెంటర్ సైట్‌లో ఈతకొలను ఫొటోలు చూసి మురిసిపోయేవాళ్లు ఈ పేజీల దాకా రారు. స్కాట్లాండ్‌లో ఆ కమిషన్ పనిచేయదు, అక్కడ చాలా సెంటర్లకు కేర్ ఇన్‌స్పెక్టరేట్ రిపోర్టులు చూడాలి. ఆ తర్వాత సెంటర్‌కే ఫోన్ చేసి, ఇంటికొచ్చాక ఎన్నాళ్లు చూస్తారో అడగండి. నాలుగు వారాలయ్యాక ఆయన తిరిగొచ్చేది అదే సోఫా దగ్గరికి, అదే బీరువా దగ్గరికి కదా.

హైదరాబాద్ తప్పని నేననను. అమ్మ చేతి అన్నం, తెలుగులో మాట్లాడే కౌన్సిలర్ చిన్న విషయాలేం కావు. కానీ 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం మద్యం, మత్తు వల్ల వచ్చే జబ్బులకూ వర్తిస్తుంది. ఆ సెంటర్‌కు రాష్ట్ర మెంటల్ హెల్త్ అథారిటీ రిజిస్ట్రేషన్ ఉందేమో బావగారినే కనుక్కోమనండి. పెళ్లిచూపుల నాటకం మాత్రం వద్దు. మానేస్తానని తనంతట తానే అన్న మనిషిని మోసం చేసి తీసుకెళ్తే మళ్లీ మీ మాట నమ్ముతాడా?

ఒకటి మీరు అడగలేదు. ఆయన కారు నడుపుతున్నారా? మద్యానికి బానిసైతే, డ్రైవింగ్ లైసెన్సులిచ్చే డీవీఎల్‌ఏకు తెలపాలన్నది ఇక్కడి నియమం. ఈ రాత్రికి తాళాలు మీ దగ్గర ఉంచుకోండి, రేపు జీపీని ఆ సంగతి కూడా అడగండి.